ఇద్దరికీ ఒకటే కడ్డీ

కొత్త రోలర్ కోస్టర్ బొమ్మ గోడ మీద పడిందో లేదో, గదిలో ఉన్నవాళ్ళంతా ఒకేసారి నోళ్ళు విప్పారు.

ఆ గది డ్రైవింగ్ స్కూలు మేడ మీద ఉంది. మామూలు రోజుల్లో కారు నేర్చుకునేవాళ్ళు అక్కడ కూర్చుని గోడకున్న రోడ్డు గుర్తులు బట్టీ పడతారు. ఆదివారం సాయంత్రం మాత్రం అది కోస్టర్ల గుంపుది. గుంపంటే పెద్ద సంఘమేమీ కాదు. ఊరవతల ఉన్న పార్కన్నా, అందులో కొండెక్కి దూకే రైళ్ళన్నా ప్రాణం పెట్టే జనం కొందరు. ఏ రైలు ఏ మలుపులో కీచుమంటుందో, ఏ పెట్టెలో కూర్చుంటే కడుపులో ఎక్కువ జిల్లుమంటుందో తెలిసినవాళ్ళు. ఇంట్లోవాళ్ళు నవ్వుతారని బయట పెద్దగా చెప్పుకోరు. ఇక్కడికొస్తే మాత్రం ఒక్కొక్కరికీ పూనకం వస్తుంది.

స్కూలు నడిపే అతనే గుంపుకు పెద్ద. అతని అక్కకు కింద వీధిలోనే కళ్ళజోళ్ళ దుకాణం. గుంపులో ఆమెను అద్దాలక్క అంటారు. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. పెళ్ళి చేసుకోలేదు. దుకాణం, దాని వెనక రెండు గదుల ఇల్లు, వీధి చివర తమ్ముడి కాపురం, ఆ తమ్ముడి కూతురు బుజ్జి, ఆదివారం ఈ గుంపు. దాంతో ఆమెకు రోజులు నిండుగానే గడిచిపోతున్నాయి.

ఈసారి పార్కువాళ్ళు కడుతున్నది కుటుంబం మొత్తం కలిసి ఎక్కే కోస్టర్. చిన్నపిల్లల్ని కూడా ఎక్కించుకోవాలని ఇంత ఎత్తుంటేనే ఎక్కనిచ్చే ఎత్తు గీత బాగా కిందికి దించారు.

"సొరంగం బాగానే ఉంది కానీ, లోపల ఆ చిన్న దూకుడేంటి? దూకితే దూకినట్టుండాలి," అన్నాడు తమ్ముడు.

"పసిపిల్లలెక్కేది నాయనా. నువ్వెక్కేది కాదు," అన్నారు హెడ్మాస్టారు. రిటైరై చాలా కాలమైనా బడిగంట కొట్టినట్టే మాట్లాడతారాయన.

"పసిపిల్లలని చప్పగా చేస్తారా? ఉప్పు లేని కూరలా? అలాగైతే గుర్రపు బొమ్మల మీద తిప్పితే సరిపోదూ!"

గది గొల్లుమంది. రంగు మీద కాసేపు, పాట మీద కాసేపు, సొరంగంలో దీపాలుండాలా చీకటుండాలా అన్నదాని మీద చాలాసేపు కొట్టుకున్నారు. కొట్టుకోవడమంటే ప్రేమతోనే. చివరికి దూకుడు పెంచమని, దీపాలు వద్దని, అందరూ కలిసి పార్కుకు రాసి పంపారు.

పార్కు నుంచి జవాబుకు బదులు మనిషే వచ్చింది. తరవాతి వారం రైలు కట్టే కంపెనీ డిజైనరమ్మ స్వయంగా మెట్లెక్కి వచ్చేసరికి గుంపంతా లేచి నిలబడింది. సన్నటి మనిషి, జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఉంది. మాట తక్కువ. చంకలో పెట్టుకొచ్చిన పెట్టె తెరిచి రైలుపెట్టె నమూనా ఒకటి బల్ల మీద పెట్టింది. అందులో పక్కపక్కన రెండు చెక్కబొమ్మలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"మీరు చెప్పిన దూకుడు మావాళ్ళకు నచ్చింది. ఇక తేలాల్సింది ఒక్కటే," అంది. "మనిషి సీట్లోంచి లేవకుండా ఒడి మీదికి దిగే కడ్డీ ఎవరిది వాళ్ళకుండాలా, ఇద్దరికీ కలిపి ఒకటుండాలా? ఎలాగైనా కట్టొచ్చు. ఈ కోస్టర్ని అభిమానుల ఎంపిక అని ప్రచారం చెయ్యాలని మావాళ్ళ ఆలోచన. అందుకే మిమ్మల్ని అడగమన్నారు."

హెడ్మాస్టారు విడి కడ్డీల వైపు నిలబడ్డారు. "పిల్లాడికి తన కడ్డీ తనకుంటే పెద్దవాణ్ణయ్యానని గర్వంగా ఉంటుంది. అది చిన్న విషయం కాదు," అన్నారు. తమ్ముడు మాత్రం ఎటూ తేల్చుకోలేకపోయాడు. అప్పుడు లేచింది అద్దాలక్క.

సాధారణంగా ఆమె నలుగురిలో నోరెత్తే మనిషి కాదు. ఆరోజు ఎందుకో గొంతు పెగిలింది. "నా చిన్నప్పుడు మా నాన్న నన్ను పాత కోస్టర్ ఎక్కించారు. మా ఇద్దరి మీదా ఒకటే కడ్డీ. నా చేతులు, ఆయన చేతులు దాని మీదే. పైనుంచి దూకినప్పుడు ఆయన వేళ్ళు బిగుసుకోవడం నాకు తెలిసింది. అంటే నాన్నకీ భయమేస్తుందన్నమాట అనుకున్నాను. ఆయన పోయి ఇన్నేళ్ళయినా నాకు మొదట గుర్తొచ్చేది అదే. విడివిడి కడ్డీలైతే పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ప్రయాణికులవుతారు. కుటుంబం అవదు."

వెనక బెంచీలో ఒకావిడ ముక్కు తుడుచుకుంది. చేతులెత్తమంటే హెడ్మాస్టారు చెయ్యి తప్ప అన్నీ అద్దాలక్క వైపే లేచాయి.

"సరే అయితే," అంది డిజైనరమ్మ. నమూనాలో కడ్డీ కిందికి దించింది. అది పెద్దబొమ్మ తొడల మీద ఆగింది. ఆ కుదుపుకు చిన్నబొమ్మ పక్కకు ఒరిగితే ఆమె చిటికెనవేలితో దాన్ని నిలబెట్టి, పెట్టె మూసేదాకా అలాగే పట్టుకుంది. అద్దాలక్క అది చూసింది. చెక్కబొమ్మ కదా అనుకుంది. అందరూ చప్పట్లు కొడుతున్నారు మరి.

ఆ తరవాత దుకాణం ముందు నిలబడితే ఇళ్ళ కప్పుల మీదుగా కోస్టర్ ఎదగడం కనిపించేది. మొదట స్తంభాలు లేచాయి. తరవాత వాటి మీద పచ్చ పట్టాలు పాకాయి. కొన్నాళ్ళకు రైలు తిరగడం మొదలైంది. మనుషులు లేకుండా, నీళ్ళు నింపిన ప్లాస్టిక్ బొమ్మలతో. మనుషులున్న రైలయితే కేకలు వినిపిస్తాయి. ఇది ధడధడమంటూ పైకెక్కి, నిశ్శబ్దంగా దూకి, సొరంగంలోకి పోయి, కాసేపటికి అవతల తేలేది. కళ్ళు పరీక్షించుకోవడానికి వచ్చినవాళ్ళు ఆ చప్పుడుకు అక్షరాలు చదవడం ఆపి కిటికీ వైపు తిరిగేవాళ్ళు. ఒకరోజు ఒక ముసలాయన అడిగాడు, "అదేంటమ్మా, అరుపుల్లేకుండా పోతోంది?" అని. "బొమ్మలండీ," అంది నవ్వి. ఆ బొమ్మలన్నీ ఒకటే సైజువి, పెద్దమనిషంత ఉన్నవి. అప్పట్లో దానికి ఆమె అర్థమేమీ వెతకలేదు.

జనానికి తెరవకముందే గుంపు కోసం ఒక ఉదయం ప్రత్యేకంగా నడుపుతామన్నారు. తమ్ముడు బుజ్జిని కూడా తీసుకెళ్దామన్నాడు. మరదలు ఒప్పుకోలేదు. ఆమె చంటిపిల్లల బడిలో పంతులమ్మ. ఇంట్లో ఈ కోస్టర్ల పిచ్చిని ఓర్చుకుంటుంది కానీ మెచ్చుకోదు. బుజ్జి ఏడ్చి, అలిగి, అన్నం మానేసి చివరికి సాధించింది. బయల్దేరే ముందు మరదలు పిల్ల జడ బిగించి అల్లి, దాని చెయ్యి తెచ్చి అద్దాలక్క చేతిలో పెట్టింది.

"ఆయన మీద నాకు నమ్మకం లేదు వదినా. అక్కడికెళ్తే ఆయన దీనికంటే చిన్నపిల్లాడు. నీ పక్కనే కూర్చోబెట్టుకో."

"నా పక్క నుంచి కదలనివ్వను," అంది అద్దాలక్క.

ఎత్తు గీత దగ్గర బుజ్జి సరిగ్గా సరిపోయింది. ముందు పెట్టెలో ఇద్దరూ కూర్చున్నారు. కడ్డీ దిగి అద్దాలక్క తొడల మీద ఆగింది. ఆమె బొద్దుగా ఉంటుంది. దుకాణంలో కూర్చునే మనిషి కదా. ప్లాట్‌ఫాం మీదున్న పనివాడు కడ్డీని ఒకసారి నొక్కి చూశాడు, కదల్లేదు. పచ్చదీపం వెలిగింది. తన పక్కన, పిల్ల ఒడికీ కడ్డీకీ మధ్య తలగడ పట్టేంత సందుంది. అది ఆమె చూసింది. పచ్చదీపం వెలిగింది కదా, చూసేవాళ్ళు చూసే ఉంటారని ఊరుకుంది.

పైకెక్కినంతసేపూ బుజ్జి కిలకిలా నవ్వుతూనే ఉంది. సొరంగం నోరు వచ్చింది, చీకటి మింగింది. తాము కొట్లాడి పెంచుకున్న దూకుడు అక్కడ కాచుకుని ఉంది. రైలు కిందికి జారిపోగానే అద్దాలక్క భుజానికి ఆనుకుని ఉన్న పిల్ల భుజం లేకుండా పోయింది.

ఆ క్షణం ఆమె ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే లేచి చీకట్లో దేవులాడింది. మెత్తగా గౌను తగిలింది. తన తల కంటే ఎత్తులో తగిలింది. గుప్పెడు గుడ్డ దొరికింది, దాని కింద నడుము దొరికింది. ఉన్న బలమంతా పెట్టి కిందికి లాగి, ఆ ఒంటిని తన ఒంటికి అదుముకుంది. రైలు మలుపు తిరిగి వెలుతుర్లోకి వచ్చింది. బుజ్జి సగం ఆమె ఒళ్ళో, సగం కడ్డీ మీద ఉంది.

"అత్తా! నేను ఎగిరాను! నిజంగా ఎగిరాను!" అంటోంది. ముఖం వెలిగిపోతోంది.

దిగగానే అద్దాలక్క ప్లాట్‌ఫాం మీదే కూలబడింది. అందరూ ఆమె ఆనందం తట్టుకోలేక కూర్చుండిపోయిందనుకున్నారు. నాన్న గుర్తొచ్చి ఉంటారని ఒకావిడ వచ్చి భుజం నిమిరింది కూడా. నాన్న గుర్తొచ్చిన మాట నిజమే. ఆనాడు పాత కోస్టర్లో కడ్డీ మీద ఉన్నది ఆయన ఒక చెయ్యేనేమో, రెండో చెయ్యి తన నడుం చుట్టూ ఉండేదేమోనన్న అనుమానం ఆమెకు ఆ నిమిషంలోనే పుట్టింది.

సొరంగంలో కెమెరా ఉంది. బయటికొచ్చేసరికి ఫోటోలు తెర మీద వరసగా పడుతున్నాయి. అద్దాలక్కది రాగానే ఈలలు మొదలయ్యాయి. ఆమె నోరు తెరుచుకుని, కళ్ళు బయటికొచ్చి, ఒక చెయ్యి పైకెత్తి ఉంది. బుజ్జి సీటుకు మూరెడు పైన గాల్లో ఉంది, చేతులు రెక్కల్లా చాచుకుని.

"అబ్బబ్బ! చూశారా లేవడం!" అని తమ్ముడు చంకలు గుద్దుకున్నాడు. "ఇదిరా కోస్టరంటే! ఈ ఫోటో మన గుంపు గోడకు పెద్దది చేసి పెట్టాలి."

"ఒరేయ్, అది లేవలేదురా. జారిపోయింది," అంది అద్దాలక్క.

"లేవకపోతే కోస్టరెందుకే అక్కా?"

"నేను పట్టుకోకపోతే..."

"పట్టుకున్నావుగా. పక్కన పెద్దవాళ్ళుండాలన్నది అందుకే."

ఆ ఆదివారం మేడ మీద చర్చంతా ఆ ఫోటో గురించే. గోడ మీద పెద్దగా వేసుకుని మరీ చూశారు. గౌను గాలికి ఉబ్బడం వల్ల అంత ఎత్తు కనిపిస్తోందన్నారు కొందరు. కెమెరా కోణం అన్నారు ఇంకొందరు. పిల్ల తనే ఎగిరి ఉంటుంది, పిల్లలు ఊరుకుంటారా అన్నారు. అద్దాలక్క ఎంత చెప్పినా, "అక్కకు వయసు మీద పడుతోంది, భయం పట్టుకుంది," అని నవ్వేశారు. ఒకే కడ్డీ కావాలని అందర్నీ ఏడిపించింది నువ్వే కదా అని ఒకడు దెప్పాడు.

మెట్ల దగ్గర హెడ్మాస్టార్ని పట్టుకుంది. "మీరైనా చెప్పండి మాస్టారూ. విడి కడ్డీలన్నది మీరొక్కరే."

ఆయన చేతికర్ర వైపు చూస్తూ నిలబడ్డారు. "ఆ రోజు నేను పిల్లల గర్వం గురించి చెప్పానమ్మా. ప్రాణం సంగతి నాకూ తట్టలేదు. ఇప్పుడు నోరెత్తితే ఓడిపోయిన కక్షంటారు. ఈ వయసులో ఈ గుంపొక్కటే నాకు మిగిలింది," అని మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మర్నాడు పార్కు ఆఫీసుకు వెళ్ళింది. డిజైనరమ్మ ఫోటో చూసింది. చాలాసేపు చూసింది. తరవాత కిటికీ తలుపు వేసి వచ్చింది.

"నేను మొదట గీసింది విడి కడ్డీలే," అంది. "కలిపి ఒకటైతే చవకని పైవాళ్ళకు ముందే ఉంది. మీ ఓటు వాళ్ళకు కలిసొచ్చింది. దూకుడు పెంచినప్పుడు మళ్ళీ చూడాలన్నాను. పెద్దవాళ్ళ బరువుతో పరీక్షలన్నీ నెగ్గింది, ఇంకేం చూస్తావన్నారు."

"పిల్లల బరువుతో చూడలేదా?"

డిజైనరమ్మ ఫోటోను బోర్లా తిప్పి బల్ల మీద పెట్టింది.

"ఆపించండమ్మా. మీరు చెప్తే వింటారు."

"ఇప్పుడు మార్చాలంటే రైలు మొత్తం మార్చాలి. నేను చెప్పాల్సింది చెప్పేశాను," అంది డిజైనరమ్మ. గొంతులో బతిమాలుతున్నట్టుంది. ఎవర్ని బతిమాలుతోందో అద్దాలక్కకు అర్థం కాలేదు.

ఈలోగా ఆ ఫోటో మరదలి కంటపడింది. తమ్ముడే మురిసిపోతూ చూపించాడు. ఆమె పిల్ల ముఖం చూడలేదు, పిల్ల కింద ఉన్న ఖాళీ సీటు చూసింది. "కూర్చోలేదు కదా ఇది," అంది. కాసేపటికి వంటింట్లో గిన్నెలు ఎగిరిపడ్డాయి. బుజ్జి ఇక ఆ పార్కు గడప తొక్కడానికి వీల్లేదంది. తమ్ముడికి అభిమానం పొడుచుకొచ్చింది. తెరిచే రోజున మొదటి రైలు, మొదటి సీటు గుంపు పెద్దకే అని పార్కువాళ్ళు మాటిచ్చారు, పక్కన కూతురుంటుందని ఇతను ఊరంతా చెప్పుకున్నాడు.

"మా అక్కకీ మా ఆవిడకీ కలిపి ఒకటే పిరికిమందు తాగించారెవరో," అన్నాడు. "నా పిల్లని నేనే కూర్చోబెట్టుకుని చూపిస్తాను. అప్పుడైనా నోళ్ళు మూస్తారు."

తెరిచే రోజు పొద్దున అద్దాలక్క దుకాణం తలుపు తీస్తుంటే ఫోన్ మోగింది.

"వదినా, నేను స్నానం చేసి వచ్చేసరికి ఇద్దరూ లేరు. కారు లేదు." అంది మరదలు. "నేను చీర కట్టుకుని వెనకే వస్తాను. నువ్వు ముందు వెళ్ళు."

తలుపు సగం తీసింది తీసినట్టే వదిలేసి ఆమె ఆటో ఎక్కింది. పార్కు గేటు దగ్గర బుడగలు, జనం, బాజా. అభిమానుల ఎంపిక అని పెద్ద అక్షరాల బోర్డు. వరసను తోసుకుంటూ వెళ్ళింది. తిట్టినవాళ్ళు తిట్టారు. ప్లాట్‌ఫాం ఎక్కేసరికి తమ్ముడు, బుజ్జి మొదటి పెట్టెలో కూర్చుని ఉన్నారు. కడ్డీ ఇంకా దిగలేదు. గుంపువాళ్ళు వెనక పెట్టెల్లో ఉన్నారు, హెడ్మాస్టారితో సహా.

"దిగరా," అంది.

"అక్కా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. దిగు." అతని రెక్క పట్టుకుంది. అతను విదిలించుకున్నాడు. ఎప్పుడూ గట్టిగా ఒక మాట అనని మనిషి తమ్ముణ్ణి చొక్కా పట్టుకుని లాగింది. పరువు పోతోందని అతనే గొణుక్కుంటూ దిగాడు. దిగిన సీట్లో ఆమె కూర్చుంది. కడ్డీని తనే తన మీదికి లాక్కుంది. అది ఖణేల్మని పడింది. వెనక పెట్టెల కడ్డీలు కూడా పడ్డాయి, పచ్చదీపం వెలిగింది.

"మీ పైవాళ్ళని పిలిపించు బాబూ," అని పనివాడితో అంటూ, రైలు పంపకుండా ఒక చెయ్యి బయటికి చాచి ప్లాట్‌ఫాం స్తంభాన్ని పట్టుకుంది. "నేను లేవను. ఇది కదలదు, కదలనివ్వను."

పనివాడికి ఏం చెయ్యాలో తోచలేదు. వెనక జనం అరుస్తున్నారు. పిచ్చిదని ఎవరో అన్నారు, పోలీసుల్ని పిలవమని ఇంకెవరో. డిజైనరమ్మ వచ్చింది, పార్కు మేనేజరు వచ్చాడు.

"ఏం కావాలమ్మా మీకు?" అన్నాడు మేనేజరు పళ్ళు బిగించి. "కడ్డీ పడింది, దీపం వెలిగింది. అంతా సరిగ్గానే ఉంది. నలుగురిలో మమ్మల్ని ఎందుకు బద్నాం చేస్తారు?"

అద్దాలక్క చెప్పడం మొదలుపెట్టింది. సొరంగం, చీకటి, గౌను. మాటలు తడబడ్డాయి. తమ్ముడు మధ్యలో దూరి ఆయనకు క్షమాపణలు చెప్తున్నాడు. అందరూ ఒకరి మాట మీద ఒకరు అరుస్తున్నారు. పక్కన కూర్చున్న బుజ్జికి ఈ గొడవ విసుగనిపించింది. తల్లి ప్లాట్‌ఫాం మెట్లెక్కి పరుగెత్తుకు రావడం కనిపించింది.

"అమ్మ!" అంటూ పిల్ల సీట్లో కాస్త కిందికి జారింది. మోకాళ్ళు ముడిచింది. చేపపిల్ల నీళ్ళలోంచి లేచినట్టు కడ్డీ సందులోంచి తేలిగ్గా పైకి వచ్చి, అంచు మీద కాలు పెట్టి ప్లాట్‌ఫాం మీదికి గెంతి, తల్లి కాళ్ళను చుట్టేసుకుంది.

కడ్డీ పడి ఉన్నది పడి ఉన్నట్టే ఉంది. పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

ముందు వరసల్లో గోల ఆగిపోయింది. తరవాత వెనక వరసల్లోనూ ఆగింది. చూడనివాళ్ళకు చూసినవాళ్ళు గుసగుసగా చెప్పడం వినిపించింది. మేనేజరు ఆ ఖాళీ సీటునే చూస్తున్నాడు. హెడ్మాస్టారు తన పెట్టెలోంచి లేవబోయి, కడ్డీ తగిలి లేవలేక, "దించండి, నన్ను దించండి," అని అడిగారు.

తమ్ముడు మెల్లగా వంగి, కడ్డీకీ సీటుకీ మధ్య సందులో చెయ్యి పెట్టాడు. భుజం దాకా పోయింది. బయటికి తీసుకుని ఆ చెయ్యి వైపు చూసుకున్నాడు. పిల్లను ఎత్తుకోబోతే మరదలు ఇవ్వలేదు.

ఆ రోజే కోస్టర్ మూసేశారు. సాంకేతిక కారణాలన్నారు. జనం తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. అద్దాలక్కకు ఎవరూ దణ్ణాలు పెట్టలేదు. గుంపులో సగం మంది ఆమెవల్లే కోస్టర్ పోయిందన్నారు, సగం మంది ముఖం చాటేశారు. తమ్ముడు మేడ మీద గదికి తాళం వేశాడు. అక్కతో మాట్లాడలేదు. కోపమా, సిగ్గా అన్నది ఎవరికీ తెలియలేదు. వాళ్ళింట్లోనే అతను కొన్నాళ్ళు పరాయివాడిలా తిరిగాడని మరదలు చెప్పింది. రాత్రి నిద్రలో చెయ్యి చాచి పక్కనున్న పిల్లను తడుముకుంటున్నాడంది.

కొన్ని నెలలకు రైలు మార్చారు. విడివిడి కడ్డీలు పెట్టి, ఏ ఆర్భాటమూ లేకుండా తెరిచారు. అక్కడితో గండం గడిచిందనుకుంది అద్దాలక్క.

ఒక మధ్యాహ్నం డిజైనరమ్మ దుకాణానికి వచ్చింది. చూపు చూపించుకుంటానంది. కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న అక్షరాల వైపు చూడకుండా, ఒడిలో చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది.

"మీరు ఓటేసిన తరవాత మా కంపెనీ ఆ రైలు ఇంకో పార్కుకు కూడా అమ్మింది. అభిమానులు కోరుకున్న రైలని చెప్పే అమ్మింది," అంది. "అది ఎప్పట్నుంచో తిరుగుతోంది. ఒకే కడ్డీతో."

అద్దాలక్క చేతిలో గాజుబిళ్ళ ఆగిపోయింది. "ఆపమని చెప్పలేదా?"

"చెప్పాను. ఇంతవరకు ఏమీ జరగలేదుగా అన్నారు. గట్టిగా చెప్పానని నన్ను పన్లోంచి తీసేశారు." తలెత్తింది. "నాకు నిద్ర పట్టడం లేదండీ. ఎవరికి చెప్పాలో తెలియక వచ్చాను."

ఆ మాట మరదలికి చెప్పింది అద్దాలక్క. మరదలు భర్తకు చెప్పింది. మర్నాడు తెల్లారేసరికి దుకాణం ముందు డ్రైవింగ్ స్కూలు కారు ఆగి ఉంది. తమ్ముడు అద్దం దించి, అక్క ముఖం వైపు చూడకుండానే, "ఎక్కు," అన్నాడు.

దారిలో ఒకచోట టీ తాగారు. ఒకచోట అతను, "నేను కూర్చోబెట్టుకునేవాణ్ణి అక్కా," అన్నాడు. ఆమె అతని మోచేతి మీద చెయ్యి వేసింది. అంతే.

ఆ రైలు కొన్న పార్కు ఆ ఊరి మొదట్లోనే ఉంది. సెలవు రోజు. జనం కిటకిటలాడుతున్నారు. అదే రైలు, రంగు వేరు. సొరంగం ముందు వరస చాలా దూరం దాకా సాగింది. అందులో ఎత్తుకున్న పిల్లలు, చెయ్యి పట్టుకున్న పిల్లలు, గీత కింద మునివేళ్ళ మీద లేచి నిలబడుతున్న పిల్లలు. ఆఫీసులో కూర్చున్నతను వీళ్ళు చెప్పిందంతా విని, ఫోటో చూసి, మర్యాదగానే లేచి తలుపు తీశాడు.

"ఇక్కడ ఏమీ జరగలేదండీ ఇంతవరకు," అన్నాడు.

బయటికొచ్చేసరికి రైలు ధడధడమంటూ పైకెక్కుతోంది. అద్దాలక్క వరస చివరికి వెళ్ళి, ఆఖర్న నిలబడ్డ తల్లితో మొదలుపెట్టింది. "అమ్మా, ఒక్క మాట. మీ పాపని ఇది ఎక్కించకండి." తమ్ముడు రెండోవైపు నుంచి మొదలుపెట్టాడు. ఫోటో చూపిస్తున్నాడు, చేత్తో సందు ఎంతో కొలిచి చూపిస్తున్నాడు. ఒకావిడ పిల్లాణ్ణి ఎత్తుకుని వరసలోంచి బయటికి వచ్చేసింది. చాలామంది నవ్వి ముందుకు జరిగారు. ఒకాయన కసురుకున్నాడు. ఇంతదూరం వచ్చాం, పిల్ల ఏడుస్తుంది అందొకామె జాలిగా, అద్దాలక్కనే ఓదారుస్తున్నట్టు.

పార్కు కాపలావాళ్ళు ఇద్దరు దూరం నుంచి ఇటే నడిచి వస్తున్నారు. తమ్ముడు చూశాడు. అయినా గొంతు పెంచి ఇంకొకరికి చెప్తున్నాడు. ప్లాట్‌ఫాం మీద కడ్డీలు వరసగా ఖణేల్మని పడ్డాయి, దీపం పచ్చగా వెలిగింది. నిండా జనంతో రైలు కదిలి, కొండెక్కి, సొరంగంలోకి పోయింది. అద్దాలక్క మాట ఆపి అవతలి చివర వైపు తిరిగింది. లోపల్నుంచి కేకలు వస్తున్నాయి. రైలు తేలింది. మొదటి పెట్టె, రెండోది, మూడోది, పిల్లలందరూ ఉన్నారు, నవ్వుతున్నారు. ఆమె ఊపిరి వదిలింది. అప్పటికే తరవాతి రైలు ఎక్కడానికి జనం లోపలికి జరుగుతున్నారు. ఆమె పరుగులాంటి నడకతో వరసలో ముందున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళింది.